అంగిలి మీద తెల్లపొర చీమేనా? చిగుళ్ల గ్రాఫ్ట్ తర్వాత గాయం మానే తీరు

చిగుళ్ల గ్రాఫ్ట్ ఆపరేషన్ అయిన నాలుగో రోజు పొద్దున ఆరున్నరకు పిన్నమ్మ ఫోన్ చేసింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటుంది. బాత్‌రూమ్ అద్దం ముందు నోరు తెరిచి, సెల్‌ఫోన్ టార్చి వేసి తీసిన ఫొటో అంతకుముందే వాట్సాప్‌లో పంపింది. కింది పళ్ల చిగురు చూడ్డానికి బాగానే ఉంది. చిగురుకు అతికించడానికి ముక్క తీసిన అంగిలి మీద మాత్రం బొటనవేలి గోరంత మేర, పసుపు తిరిగిన తెల్లటి పొర. ‘‘చీము పట్టినట్టుంది నాయనా, దూదితో తుడిచేయనా?’’ అంది.

అది చీము కాదు. తుడిచేసి ఉంటే గాయం మళ్లీ మొదటి రోజుకు వచ్చేది. ఈ నాలుగు రోజుల్లో ఆమెకు పక్కింటివాళ్లు, బంధువులు, యూట్యూబ్ చెప్పిన సలహాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒకరు వారంలో మానిపోయిందన్నారు, ఇంకొకరు నెల పట్టిందన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్ల నోట్లో అయిన గాయాలే వేరు.

చిగురుకు ఆపరేషన్, నొప్పి అంగిలికి

చిగుళ్లు కిందికి దిగిపోయి పంటి వేరు బయటపడితే చల్లనీళ్లు తాగినా జివ్వుమంటుంది. గట్టి బ్రష్‌తో, పళ్లపొడితో ఏళ్ల తరబడి అడ్డంగా రుద్దడం, చిగుళ్ల జబ్బు, పొగాకు, పుట్టుకతోనే పలచటి చిగురు ఉండటం, క్లిప్పులు వేసినప్పుడు పన్ను ఎముక అంచు దాటి బయటికి జరగడం వంటివి దీనికి కారణాలు. అలా దిగిపోయిన చోట కొత్త కణజాలం తెచ్చి అతికించడమే గ్రాఫ్ట్. ఆ కణజాలం ఎక్కువగా అంగిలి నుంచే తీస్తారు. అక్కడి పొర చిగురులాగే దిట్టంగా, నమలడానికి తట్టుకునేలా ఉంటుంది.

తీసే చోటు కూడా ఎక్కడంటే అక్కడ కాదు. పై కోరపన్ను దగ్గర్నుంచి మొదటి దవడ పన్ను దాకా, పళ్ల అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు ఎడంగా ఉండే పట్టీ అది. ఇంకా వెనక్కి, లోపలికి వెళ్తే జ్ఞానదంతం వైపు నుంచి ముందుకు వచ్చే పెద్ద రక్తనాళం, దాని పక్కనే నరం ఉంటాయి. డాక్టర్లు మిల్లీమీటర్ల లెక్కన జాగ్రత్తపడేది వాటి గురించే.

అతికించిన చోట కుట్లు వేసి కప్పేస్తారు కాబట్టి చాలామందికి చిగురు పెద్దగా నొప్పి పెట్టదు. బాధంతా ఆ ముక్క ఇచ్చిన అంగిలి దగ్గరే. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. పిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ కంగారులో చెవికెక్కలేదేమో.

పేరు ఒకటే, గాయాలు రెండు

సలహాలన్నీ కలగాపులగం కావడానికి మూలం ఇక్కడుంది. అందరూ ‘చిగుళ్ల గ్రాఫ్ట్’ అంటారు కానీ అంగిలి నుంచి తీసే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది ఫ్రీ జింజైవల్ గ్రాఫ్ట్. 1960లలో వచ్చింది: 1963లో బ్యోర్న్ మొదలుపెట్టగా, 1968లో సలివాన్, ఆట్కిన్స్ దానికి ఒక పద్ధతి ఏర్పరిచారు. ఇందులో అంగిలి పైపొరతో సహా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన ఒక ముక్క చెక్కి తీస్తారు. కిందపడి మోకాలు గీరుకుపోయినప్పుడు చర్మం లేచిపోయినట్టు, అక్కడ పచ్చిపుండు మిగులుతుంది. కుట్టి దగ్గరికి చేర్చడానికి అంచులు ఉండవు. అడుగు నుంచి పూడుకుంటూ, పక్కల నుంచి పొర పాకుతూ మానాల్సిందే. ఇది తెరిచిన గాయం.

రెండోది కనెక్టివ్ టిష్యూ గ్రాఫ్ట్. 1985లో బర్టన్ లాంగర్, లోరీన్ లాంగర్‌ల వివరణ తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. పైపొరను తలుపులా పైకెత్తి, లోపలి మెత్తటి కణజాలం మాత్రం తీసుకుని, తలుపు మళ్లీ మూసి కుడతారు. 1999లో హ్యుర్జెలర్, వెంగ్ ఒకే కోతతో ఈ పని చేసే పద్ధతి చెప్పారు. చివరికి మిగిలేది ఒక గీత, నాలుగు కుట్లు. ఇది మూసిన గాయం.

మూసిన గాయం సాఫీగా సాగితే వారం, రెండు వారాల్లో సర్దుకుంటుంది. తెరిచిన గాయానికి పైపొర పూర్తిగా కమ్ముకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి ఎవరైనా ‘నాకు అన్ని రోజులు పట్టింది’ అంటే ముందు అడగాల్సింది, వాళ్ల అంగిలికి కుట్లు పడ్డాయా, పచ్చిగా వదిలేశారా అన్నది.

అలాగని మూసిన గాయానికి నొప్పి ఉండదనుకోవడం కూడా సరికాదు. 2010లో ఇటలీకి చెందిన జుకెల్లి బృందం రెండు రకాలవాళ్లనూ పోల్చి చూసింది. నొప్పి మాత్రలు మింగడంలో, అసౌకర్యంలో పెద్ద తేడా కనిపించలేదు. తీసిన ముక్క వెడల్పు పెరిగినప్పుడు, మూసిన తలుపు చచ్చుబడి ఊడినప్పుడు మాత్రం మాత్రల వాడకం పెరిగింది. తలుపు మరీ పలచగా తీస్తే దానికి రక్తం అందదు. నల్లబడో తెల్లబడో రాలిపోతుంది. అప్పుడు మూసిన గాయం తెరిచిన గాయమవుతుంది, రెండు వారాలు అనుకున్నది నెలకు పోతుంది. ‘నాకు కుట్లు వేశారు, అయినా నెల పట్టింది’ అనేవాళ్ల కథ తరచూ ఇదే.

ఆ తెల్లపొర ఏమిటి

మోచేయి గీరుకుంటే రెండ్రోజుల్లో పక్కు కడుతుంది. గాలికి ఎండి, ముదురు రంగుకు తిరిగి, గట్టిపడుతుంది. దాన్ని గిల్లితే అమ్మ చేతి మీద కొట్టేది, గుర్తుంటుంది. అంగిలి మీద కూడా అదే పక్కు కడుతుంది. అయితే నోట్లో ఎప్పుడూ తడే. ఎండే అవకాశం లేక అది నానిన అటుకుల్లా మెత్తగా, తెల్లగా ఉంటుంది. రక్తం గడ్డకట్టించే ఫైబ్రిన్ దారాలు, చనిపోయిన కణాలు, లాలాజలం కలిసిన పొర అది. దాని కిందే అసలు పని జరుగుతుంటుంది.

మొదటి రోజు గాయాన్ని రక్తపు గడ్డ కప్పుతుంది. రెండు మూడు రోజుల దాకా వాపు, మంట. తెల్లకణాలు వచ్చి చెత్త ఊడుస్తాయి. చాలామందికి నొప్పి ఎక్కువగా ఉండేది ఈ రోజుల్లోనే. ఆ తర్వాత కొత్త రక్తనాళాలతో ఎర్రటి గరుకు కణజాలం అడుగు నుంచి లేస్తుంది. కొంచెం తాకినా రక్తం చిమ్మేంత లేతది. దాని మీదుగా అంచుల నుంచి కొత్త పొర పాకుతుంది. రెండో వారం నాటికి తెల్లదనం విడివిడిగా తగ్గి, పలచటి గులాబీ రంగు కనిపిస్తుంది. పొర కమ్మిన తర్వాత కూడా రంగు, మందం పక్కవాటితో కలవడానికి ఇంకొన్ని వారాలు కావాలి.

చీమైతే దారి వేరు. కదిలే ద్రవంలా ఉంటుంది, నొక్కితే కారుతుంది, చెడు వాసన ఉంటుంది. మూడు రోజులు దాటాక తగ్గాల్సిన నొప్పి, వాపు పెరుగుతాయి. జ్వరం కూడా రావచ్చు. తెల్లపొర ఉన్నా నొప్పి రోజురోజుకూ తగ్గుతోందంటే గాయం దారిలో ఉన్నట్టే. రంగుకన్నా నొప్పి ఎటు నడుస్తోందన్నదే నమ్మదగిన గుర్తు. ఈ ఒక్కటి తెలిసి ఉంటే పిన్నమ్మ ఆ రాత్రి నిద్రపోయేది.

పొడవు కాదు, వెడల్పు: ఒక లెక్క

కొత్త పొర అంచుల నుంచి రోజుకు సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పాకుతుందని చిగుళ్ల వైద్యంలో లెక్క. తక్కువదే తీసుకుందాం.

పుండు పొడవు 16 మిల్లీమీటర్లు, వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకోండి. పొర రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి ఒక్కో వైపు పాకాల్సింది 4 మిల్లీమీటర్లే. రోజుకు అర మిల్లీమీటరు చొప్పున 8 రోజులు. పాకుడు మొదలవడానికి ఒక రోజు కలిపితే 9. ఇప్పుడు పొడవు రెండింతలు చేసి 32 చేయండి. వెడల్పు మారలేదు కాబట్టి కాలం దాదాపు అంతే. వెడల్పును 12 చేస్తే 13 రోజులవుతుంది.

నిజానికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. పొర పాకాలంటే కింద పచ్చి కణజాలం పూడి నేల సిద్ధం కావాలి. గుంత లోతుగా ఉంటే ఆ పూడికకే రోజులు పోతాయి. మధ్యలో గట్టి మెతుకు గీసుకున్నా, దూదితో తుడిచినా పాకిన పొర లేచిపోయి వెనక్కి వెళ్తుంది. అందుకే కాగితం మీద తొమ్మిది రోజులైనది నోట్లో రెండు, మూడు వారాలవుతుంది. అయినా ఈ లెక్కతో ఒకటి తేలుతుంది. నాలుగు పళ్లకు కలిపి పొడవాటి ముక్క తీశారని బెంగపడక్కర్లేదు, ఆ ముక్క సన్నగా ఉన్నంతవరకు.

రక్తం, ఉమ్మి, నాలుకబద్ద

అంగిలి గాయంలో భయపెట్టేది రక్తం. లాలాజలంతో కలిస్తే చెంచాడు రక్తం గ్లాసుడులా కనిపిస్తుంది. ఎక్కువగా మొదటి రోజు, రెండో రోజు వస్తుంది. ఒక్కోసారి అంతా బాగుందనుకున్న వారం లోపు, గడ్డ కదిలి మళ్లీ మొదలవుతుంది.

ఆపేది ఒత్తిడి. కట్టు కట్టే పలచటి గాజ్ గుడ్డను తడిపి, వేలితో అంగిలికేసి ఇరవై నిమిషాలు, తీయకుండా నొక్కి పట్టుకోవడం. చాలామంది రెండు నిమిషాలకోసారి తీసి ఆగిందా అని చూస్తారు. చూసిన ప్రతిసారీ కొత్తగా కట్టిన గడ్డ గుడ్డతో పాటు ఊడొస్తుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి. తడిపిన టీ బ్యాగు పెట్టమనేదానికీ ఆధారం ఉంది. తేయాకులోని టానిన్లు కణజాలాన్ని కుదిస్తాయి. ఒత్తిడి లేకుండా టీ ఒక్కటే పని చేయదు. అరగంట గట్టిగా నొక్కినా ఆగకపోతే అది ఇంట్లో తేలే సంగతి కాదు, డాక్టరు దగ్గరికే.

గడ్డను కదిలించేవి మన రోజువారీ అలవాట్లలోనే ఉన్నాయి. పొద్దున్నే నాలుకబద్దతో గీకి, గొంతు దాకా కాండ్రించి ఉమ్మడం చాలా ఇళ్లలో ముఖం కడగడంలో భాగం. ఆ కాండ్రింపులో నోట్లో గాలి లాగినట్టవుతుంది, నాలుక అంగిలికి కొట్టుకుంటుంది. కొబ్బరిబోండం స్ట్రాతో పీల్చినా అదే లాగుడు. పీల్చడం వల్ల అంగిలి గడ్డ ఎంతవరకు కదులుతుందన్నది డాక్టర్లలోనే అందరూ ఒకేలా చెప్పరు. పన్ను పీకిన గుంత విషయంలో చెప్పే జాగ్రత్తనే ఇక్కడికీ తెచ్చారనేవాళ్లున్నారు. మొదటి రెండు మూడు రోజులు మానుకుంటే పోయేదేమీ లేదు గనక ఎక్కువమంది వద్దనే అంటారు. చెంబు ఎత్తి పెదవులకు తగలకుండా నీళ్లు పోసుకునే మన పద్ధతిలో మాత్రం లాగుడే లేదు.

మాకు తెలిసినాయన ఒకరు మొక్కుబడి అంటూ మూడో రోజే అలిపిరి మెట్లెక్కారు. 3,550 మెట్లు. శ్రమకు రక్తపోటు పెరిగి, గాలిగోపురం దాటేలోపే నోట్లో ఉప్పగా తగిలిందట. మొక్కు పది రోజులు ఆగినా స్వామి ఏమీ అనుకోడు.

గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని తమంతట తాము ఆపేయడం దీనికన్నా చాలా ప్రమాదం. నోట్లో రక్తాన్ని నొక్కి ఆపవచ్చు, స్టెంట్‌లో గడ్డను అలా ఆపలేం. ఆ నిర్ణయం గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని తీసుకునేది.

పుత్తూరు కట్టు తెలిసినవాళ్లకు ప్లేటు సంగతి

విరిగిన ఎముకను కదలకుండా ఉంచితేనే అతుక్కుంటుందని పుత్తూరు కట్టు చూసి పెరిగిన ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంగిలికీ ఆ కట్టు ఆలోచనే. కట్టు నిలవడానికే అక్కడ చోటు లేదు. తడి, నాలుక, తిండి అన్నీ అక్కడే.

ఒక మార్గం ప్లేటు. ఆపరేషన్‌కు ముందే పళ్ల అచ్చు తీసి, క్లిప్పులు తీశాక పెట్టుకునే రిటైనర్‌లాంటి సన్నటి ప్లాస్టిక్ పలక చేయిస్తారు. గాయం మీద మెత్తగా ఒత్తి పట్టుకుంటుంది, మెతుకు తగలనివ్వదు. తినేటప్పుడు కలిగే ధైర్యమే సగం మందు. అచ్చు ముందే తీయాలి, అదనపు ఖర్చు ఉంటుంది, అడుగున తిండి చేరకుండా కడుక్కుంటుండాలి. ఇంకో మార్గం, కొల్లాజెన్ లేదా జెలటిన్ స్పాంజి పెట్టి పైన అడ్డంగా కుట్లు వేయడం. కొందరు దాని మీద కణజాలాన్ని అతికించే సయనోయాక్రిలేట్ జిగురు పూస్తారు.

ఈమధ్య ఎక్కువగా వినబడేది పీఆర్ఎఫ్ (ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్). 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ బృందం చెప్పిన పద్ధతి. చేతి నుంచి కొంచెం రక్తం తీసి, ఏ మందూ కలపకుండా యంత్రంలో తిప్పితే ప్లేట్‌లెట్లు, పెరుగుదలకు తోడ్పడే పదార్థాలు ఉన్న జెల్లీలాంటి పొర వస్తుంది. దాన్ని అంగిలి గాయం మీద పరుస్తారు. మొదటి రెండు వారాల్లో నొప్పి తగ్గిందని, పొర త్వరగా కమ్మిందని చెప్పే పరీక్షలు చాలానే ఉన్నాయి. నెల దాటేసరికి వాడినవాళ్లు, వాడనివాళ్లు దాదాపు ఒకచోటికే చేరతారు. అంటే దీనితో తగ్గేది ఆ మొదటి పది పదిహేను రోజుల బాధ. దానికి ఎంత ఖర్చు పెట్టాలన్నది ఎవరి స్థోమతను బట్టి వాళ్లది. వెడల్పాటి తెరిచిన గాయానికి ఏదో ఒక కప్పు ఉండటం మేలని నాకనిపిస్తుంది. గీతలా కుట్టేసిన గాయానికి ఇవన్నీ పెద్దగా పనిలేనివి.

పసుపు, లవంగం, ఉప్పునీళ్లు

ఇంటి వైద్యాన్ని మొత్తంగా కొట్టిపారేయడమూ, కళ్లు మూసుకుని నమ్మడమూ రెండూ సులువే. ఒక్కోదాన్నీ విడిగా చూడాలి.

పసుపులోని కర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉంది. వంటింటి పసుపు పొడి మాత్రం పచ్చిపుండు మీద ఇసుకలా కూర్చుంటుంది, అందులో ఏం కలిపారో తెలియదు. లవంగ నూనెలోని యూజినాల్ పన్ను నొప్పికి నరాన్ని మొద్దుబారుస్తుంది. అదే పొర లేని అంగిలికి తగిలితే కాలినట్టు చేస్తుంది. చిగుళ్ల ఆపరేషన్ తర్వాత వేసే పాత పిండి కట్లలో యూజినాల్ ఉండేది. ఆ మంట వల్లే అది లేని కట్లు వాడకంలోకి వచ్చాయి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లకు ఎవరికీ పేచీ లేదు. మొదటి రోజు వదిలేసి, ఆ తర్వాత నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, గట్టిగా ఉమ్మకుండా సింకులోకి జారవిడవడమే దాని పద్ధతి.

నిజమైన చర్చ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మీద. బ్రష్ పెట్టలేని రోజుల్లో సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుందని డాక్టర్లు రాస్తారు. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో కణాల మీద పరీక్షించినప్పుడు అదే మందు గాయం పూడ్చే కణాలకు హాని చేస్తుందని తేలింది. పళ్లకు గోధుమ మరక, నోటికి రుచి తేడా సరేసరి. లాలాజలం పలచన చేసే నోట్లో అంత హాని జరగదని మొదటి పక్షం జవాబు. రెండు పక్షాలూ ఒప్పుకునేది మాత్రం, చెప్పినన్ని రోజులే వాడాలి, బాగుంది కదా అని నెలలు సాగదీయకూడదని.

సంగటి మింగచ్చు, వేడి మీద కాదు

చిత్తూరు, తిరుపతి ఇళ్లలో ఉన్న తిండి ఈ గాయానికి బాగా సరిపోతుంది, ఒక్క మార్పుతో. రాగి సంగటిని ఎవరూ నమలరు, ముద్ద పులుసులో అద్ది మింగుతారు. నమలక్కర్లేని తిండి అంగిలికి వరం. చిక్కంతా అది పొగలు కక్కుతూ రావడం, పక్కన ఎర్రటి పులుసు ఉండటం. వేడికి రక్తనాళాలు విచ్చుకుని రక్తం మొదలవ్వచ్చు. మిరపలోని ఘాటు, వేడిని గుర్తించే నరాల గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే చల్లటి కారం కూడా కాలినట్టే ఉంటుంది. చల్లారిన సంగటిని మజ్జిగలో కలిపి అంబలి చేస్తే రెండు ఇబ్బందులూ పోతాయి. పెరుగన్నం, బాగా పిసికిన ఇడ్లీ, గుడ్డు, పప్పు నీళ్లు, కొబ్బరి నీళ్లు సరే.

మురుకులు, వేయించిన చెనక్కాయలు, బొరుగులు మరో వైపు. బొరుగులు మెత్తనివే అనుకుంటాం గానీ వాటి పొట్టు పుండులో ఇరుక్కుంటే తీయడం నరకం. లడ్డూ ప్రసాదం మెత్తనిదే, అందులో కలకండ పలుకులుంటాయి. చిదిమి, పలుకులు ఏరి పిన్నమ్మ కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

ఒకే గాయం, ఇద్దరు మనుషులు

ఒకేరకం తెరిచిన గాయం, ఒకే వెడల్పు అనుకుందాం. ఒకరు ఇరవై ఆరేళ్ల టీచరు, ఏ జబ్బూ లేదు. ఇంకొకరు యాభై ఎనిమిదేళ్ల వ్యాపారి, షుగరు ఉంది, భోజనమయ్యాక వక్కాకు, మధ్యలో రెండు సిగరెట్లు. టీచరుకు పద్దెనిమిది రోజుల్లో పొర కమ్మితే, ఈయనకు ఐదో వారం దాకా పోవచ్చు.

షుగరు ఎక్కువగా ఉంటే చెత్త ఊడ్చే తెల్లకణాలు మందకొడిగా పనిచేస్తాయి, కొత్త కణజాలం ఆలస్యమవుతుంది. అందుకే డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడుగుతారు. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, పొగ వేడి అదనం. తమలపాకులోని సున్నం పచ్చిపుండుకు చేసే పని వేరే చెప్పాలా. షుగరు ఉంది కాబట్టి గ్రాఫ్టే కుదరదనడం మాత్రం పొరపాటు. అదుపులో ఉన్నవాళ్లకు రోజూ చేస్తూనే ఉన్నారు.

అంగిలిని తాకకుండా కుదరదా

కుదురుతుంది. శుద్ధి చేసిన దానం చర్మపు పొరలు, పందుల నుంచి తీసిన కొల్లాజెన్ పట్టీలు వాడతారు. అంగిలిలో గాయమే ఉండదు. ఖర్చు ఎక్కువ, ఫలితం చాలాచోట్ల సొంత కణజాలానికి కొంచెం తక్కువ. జంతువు నుంచి వచ్చిందంటే వద్దనే ఇళ్లు కూడా ఉన్నాయి, ఆ ప్రశ్న డాక్టరును ముందే అడగదగ్గదే.

పిన్నమ్మకు ఇప్పుడు ఆరో వారం. నాలుకతో తడిమితే ఆ చోటు పక్కకంటే కొంచెం నున్నగా తగులుతుందంటోంది. అంగిలి ముందువైపు ఉండే ముడతల్లో ఒకటి అక్కడ తెగి, మళ్లీ మొదలైనట్టుంది. కింద ఇంకో రెండు పళ్లకు కూడా గ్రాఫ్ట్ కావాలన్నారు. పూర్తిగా పూడి దిట్టపడ్డాక, రెండు మూడు నెలల తర్వాత, అవసరమైతే అదే చోటి నుంచి మళ్లీ తీయవచ్చట. ‘‘ఈసారి ప్లేటు ముందే చేయించమను’’ అని మాత్రం చెప్పింది.